సైన్ ఔట్ నొక్కిన వేలు

ఆ వేలు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఆడుతూ ఉంటుంది. కుడిచేతి చూపుడు వేలు. దానికి పుష్యరాగం ఉంగరం, గోరు చుట్టూ పసుపు మరక. మధ్యాహ్నం పప్పన్నం తిని చేయి సరిగ్గా కడుక్కోలేదన్నమాట. ఆ వేలు నా భుజం మీదుగా ముందుకొచ్చి, నా సొంత లాప్‌టాప్ మీద, నేను నొక్కనని మొత్తుకుంటున్న బటన్ని నొక్కింది. వేలు మా మేనేజరుది. ఆయన్ని ఇక్కడ ‘ఆయన’ అని రాస్తున్నానంటే ఆరేళ్ళ అలవాటు కొద్దీ రాస్తున్నాను. గౌరవమని ఎవరూ పొరబడవద్దు.

పగ మనసులో పెట్టుకోకూడదని పెద్దవాళ్ళు చెబుతారు. ఆ పెద్దవాళ్ళకు మా మేనేజరు తగిలి ఉండడు.

ముందు నా సంగతి చెప్పాలి. మాది లాలాగూడ రైల్వే క్వార్టర్. నా భర్తకు వర్క్‌షాపులో ఉద్యోగం. ఇంట్లో మేమిద్దరం, మా అత్త. ముందుగదిలో కిటికీ కింద ఒక బల్ల, బల్ల మీద సెకండ్‌హాండ్‌లో కొన్న లాప్‌టాప్. ఆదివారం వచ్చిందంటే ఆ బల్ల చుట్టూ కాలనీ ఆడపిల్లలు మూగేవారు. ఎవరికి ఏ ఉద్యోగానికి నోటిఫికేషన్ పడినా, ఏ ఎంట్రన్స్ వచ్చినా దరఖాస్తు నేనే నింపిపెట్టేదాన్ని. ఫోటో సైజు తగ్గించడం, సంతకం స్కాన్ చేయడం, కులం సర్టిఫికెట్ నంబరు ఎక్కించడం, అన్నీ నావే. నాకు డిగ్రీ ఉండి కూడా ముప్పై ఏళ్ళు దాటేదాకా ఏ ఉద్యోగానికీ పెట్టుకోలేదు. అడిగి నింపిపెట్టేవాళ్ళు లేక పెట్టుకోలేదు. అందుకే ఆ పని మీద నాకంత మోజు.

దరఖాస్తు నింపడం కష్టం కాదు. కష్టమంతా ఆ తరువాతే. హాల్‌టికెట్ ఎప్పుడో ఏడాదికి వస్తుంది. అప్పటికి ఈ పిల్లలు రిజిస్ట్రేషన్ నంబరూ పాస్‌వర్డూ రెండూ మరిచిపోయి ఉంటారు. రాసుకోవే అంటే అరచేతి మీద రాసుకునేవారు, ఇంటికి పోయి అంట్లు తోమేవారు. లాభం లేదని నేనే ఒక పద్ధతి పెట్టాను. ముందు ఎవరికి ఇష్టమైన మాట వాళ్ళు చెప్పాలి, దాని మొదటి అక్షరం పెద్దది. తరువాత ఎట్ గుర్తు. చివర వాళ్ళు రోజూ ఎక్కే బస్సు నంబరు.

“బస్సు నంబర్ మర్చిపోతే ఇంటికెట్ల వోతవే?” అని అడిగేదాన్ని. పిల్లలు పడీపడీ నవ్వేవారు. నేను వందసార్లు అన్న ఆ మాటను, మూల కూర్చుని కూరగాయలు తరిగే మా అత్త కూడా నాతోపాటు పెదాలు కదిపి అనేది.

ఆపైన ‘పాస్‌వర్డ్ సేవ్ చేయాలా’ అని బ్రౌజర్ అడిగితే అవునని కొట్టేదాన్ని. అట్లా కాలనీలో నలభై మంది పిల్లల నంబర్లూ పాస్‌వర్డులూ నా బ్రౌజర్లో చేరాయి. ఏ వెబ్‌సైటుకు పోయి ఏ పిల్ల పేరు మీద నొక్కితే ఆ పిల్ల లోపలికి పోవచ్చు. ఇది తెలివితక్కువ పని అని తరువాత నాకు చాలామంది చెప్పారు. తెలివితక్కువే. కానీ మా కాలనీలో ఊరికి పోతూ ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చిపోతాం. ఇదీ అట్లాంటిదే అనుకున్నాం, వాళ్ళూ నేనూ.

ఉద్యోగం దొరికింది కార్ఖానా అనే పేటలో. బడిపిల్లల యూనిఫాంలు కుట్టించి స్కూళ్ళకు సరఫరా చేసే కంపెనీ. స్కూళ్ళ నుంచి ఆర్డర్లు రాసుకోవడం, ఏ తరగతికి ఏ సైజు ఎన్ని జతలో చూసుకోవడం, జూన్ నెలలో తల్లిదండ్రుల తిట్లు తినడం నా పని. లాలాగూడ నుంచి రేతిఫైల్ బస్టాండు దాకా ఒక బస్సు, అక్కడ మారి కార్ఖానాకు ఇంకో బస్సు. చేరిన కొన్నాళ్ళకే కరోనా వచ్చింది, ఇంటి నుంచి పని అన్నారు. కంపెనీ లాప్‌టాపులు ఇవ్వలేదు, ఎవరివి వాళ్ళే వాడుకోమన్నారు. దానికి బదులు ఒక ఆఫీసు అకౌంట్ ఇచ్చారు. పేరు నాదే అయినా దాని పగ్గాలు కంపెనీ చేతిలో ఉంటాయట. నా బ్రౌజర్లో దానితో సైన్ ఇన్ కావాలి.

సైన్ ఇన్ అవుతుంటే తెర మీద ఒక డబ్బా వచ్చింది. ఈ బ్రౌజర్లో ఇప్పటికే ఉన్నవి వేరే ఉంచుకుంటావా, ఆఫీసు అకౌంట్‌తో కలిపేస్తావా అని. నాకు అర్థం కాలేదు. మేనేజరుకు ఫోన్ చేశాను.

“ఏం గాదమ్మా, కలుపు. అన్నీ ఒక్క తాన ఉంటయి” అన్నాడాయన. “గిదంత చదువుకుంట కూసుంటే పని ఎప్పుడు షురూ జేస్తవ్? ఓకే కొట్టు.”

కొట్టాను. అప్పుడాయన నన్ను ‘అమ్మా’ అనేవాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

తరువాతి ఆరేళ్ళూ నేను ఆ ఆఫీసును నా ఇల్లే అనుకున్నాను. అంత బుద్ధి తక్కువదాన్ని. కరోనా పోయాక కూడా లాప్‌టాప్ సంచిలో వేసుకుని రోజూ కార్ఖానా వెళ్ళి, సాయంత్రం మళ్ళీ తెచ్చుకునేదాన్ని. ఒకరోజు మధ్యాహ్నం మేనేజరు తన కూతుర్ని తీసుకొచ్చాడు. సన్నగా, పొడుగ్గా, తలెత్తి మాట్లాడని పిల్ల. డిగ్రీ అయిపోయింది. ప్రభుత్వ హాస్టళ్ళలో వార్డెన్ ఉద్యోగాలు పడ్డాయి, దరఖాస్తు నింపమన్నాడు. అన్నం డబ్బా మూతపెట్టి నింపడానికి కూర్చున్నాను.

ఫోన్ నంబరు దగ్గర ఆ పిల్ల తనది చెప్పబోయింది. ఆయన అడ్డుపడ్డాడు.

“ఆడపిల్ల నంబర్ బయటికి వోవద్దు. నాది సుత వద్దు, ఊకె ఓటీపీలొచ్చి పరేషాన్ జేస్తయి. మన ఆర్డర్ల ఫోన్ నంబర్ వెట్టు. మెయిల్ అంటవా, నీ ఆఫీస్ మెయిలే వెట్టెయమ్మా” అని చెప్పి ఎవరో పిలిస్తే బయటికి వెళ్ళిపోయాడు.

పాస్‌వర్డ్ దగ్గర నా పద్ధతి ప్రకారం ఇష్టమైన మాట అడిగాను. ఆ పిల్ల చుట్టూ చూసి, వాళ్ళింటి పెరట్లోకి వచ్చే పిల్లి పేరు చెప్పింది. నాన్న కంటపడకుండా దానికి పాలు పోస్తుందట. “నాన్నకు తెల్వదక్కా, ఆ పేరు నేనే వెట్టిన” అంది. పిల్లి పేరు కొట్టాను, ఎట్ గుర్తు కొట్టాను. చివర బస్సు నంబరు పెట్టాలి. ఆమెకు బస్సు లేదు, ఎక్కడికి పోయినా నాన్న బండి మీద దింపుతాడు. అందుకని నేను ఇంటికి పోయే బస్సు నంబరే కొట్టేశాను. అదేమిటో ఆమెకు చెప్పలేదు. “చివర అంకెలు నాకు యాదికుంటయి. నువ్ ఏం మర్చిపోయినా నా దగ్గరికి రా” అన్నాను.

సేవ్ చేయాలా అని అడిగింది బ్రౌజర్. అవునని కొట్టాను. మేనేజరు కూతురు కూడా మా కాలనీ పిల్లల వరుసలో చేరింది.

ఇక ఆ రోజు. జూన్ హడావిడి, జూలైలో సైజుల మార్పిడులు అయిపోయి ఆగస్టు వచ్చింది. సీజన్ అయిపోయిన యూనిఫాంలాగే నన్నూ పక్కన పెట్టొచ్చని ఎవరికో తోచింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చాడు. వెనక ఇంకో ఇద్దరు మగవాళ్ళు. నేనేదో పారిపోతానన్నట్టు.

“మేడమ్, మీ సేవలు ఇయ్యాల్టితోని చాలు. ఆర్డర్ల ఫోన్ ఇచ్చెయుండ్రి. లాప్‌టాప్ మీ సొంతమే గాని, అకౌంట్ మాది. సైన్ ఔట్ చెయ్యుండ్రి, నా ముందట్నే.”

ఆరేళ్ళ ‘అమ్మా’ ఒక్క పూటలో ‘మేడమ్’ అయింది. తిట్టినా అంత కోపం వచ్చేది కాదు నాకు.

సైన్ ఔట్ దగ్గరికి వెళ్ళాను. మళ్ళీ ఒక డబ్బా వచ్చింది. ఈసారి నేను ప్రతి అక్షరం చదివాను. మీరు సైన్ ఔట్ చేస్తే ఈ పరికరంలో ఉన్న బుక్‌మార్కులు, హిస్టరీ, పాస్‌వర్డులు, ఇతర వివరాలు తొలగించబడతాయి. ఆరేళ్ళ కింద ఆయన కలపమన్నవన్నీ ఇప్పుడు ఈ అకౌంట్‌తో పాటే పోతాయి. నావి పోతే పోనీ. నలభై మంది పిల్లలవి.

“సార్, జెర పది నిమిషాలు ఆగుండ్రి. నా సొంతయి ఉన్నయి అండ్ల. మా కాలనీ పిల్లలయి, పరీక్షలయి. కాయిదం మీద రాస్కొని సైన్ ఔట్ జేస్త.”

“ఆఫీస్ అకౌంట్ల మీ సొంతయి ఎందుకున్నయి మేడమ్?”

“మీరే కలపమన్నరు సార్.”

వెనకున్న ఇద్దర్లో ఒకడు నవ్వాడు. ఆ నవ్వుతో ఆయనకు రోషం వచ్చింది. “పది నిమిషాలల్ల మా స్కూళ్ళ లిస్టు మొత్తం రాస్కపోతరు. గీ నాటకాలు నాకు తెల్వవా?” అన్నాడు. ఆఫీసు మొత్తం వింటోంది. నేను దొంగనని అందరికీ అర్థమయ్యేలా చెప్పాడు. నేను రెండు చేతులూ కీబోర్డు మీద అడ్డం పెట్టాను. ఆ వేలు, ఉంగరమూ పసుపు మరకా ఉన్న ఆ వేలు, నా భుజం మీదుగా వచ్చి నొక్కేసింది.

ఒక్క క్షణం తెర తెల్లగా అయింది. తరువాత బ్రౌజర్ కొత్తగా తెరుచుకుంది, కడిగిన పలకలాగా. నాకు స్వాగతం చెప్పింది.

ఆ సాయంత్రానికే ఆ అకౌంట్‌ను కంపెనీ మూసేసింది. మళ్ళీ తెరిచి తెచ్చుకుందామన్నా దారి లేదు.

తరువాతి నెలంతా నేను చెప్పులు అరిగేలా తిరిగాను. ఒక్కో క్వార్టర్ తలుపు తట్టి, జరిగింది చెప్పి, తిట్లు తిన్నాను. రిజిస్ట్రేషన్ కాగితాలు దాచుకున్నవాళ్ళు బతికిపోయారు. ఇష్టమైన మాటా బస్సు నంబరూ వాళ్ళకు గుర్తే. మిగిలినవాళ్ళ కోసం సహాయ కేంద్రాలకు ఫోన్లు చేసి, మెయిళ్ళు పెట్టి, ఒక్కొక్కటే రాబట్టాను. కాలనీలో అందరివీ వేళకు వచ్చాయి, ఒక్క పిల్లది తప్ప. మా పై క్వార్టర్లో ఉండే పిల్ల, బ్యాంకు ఉద్యోగానికి రాత పరీక్ష గట్టెక్కింది. ఇంటర్వ్యూ పిలుపు ఆ లాగిన్‌లోనే వస్తుంది. కాగితం చెదలు తినేసింది, అప్పటి ఫోన్ నంబరు లేదు. మేము లోపలికి పోగలిగేసరికి ఇంటర్వ్యూ అయిపోయి తొమ్మిది రోజులు. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు. వాళ్ళమ్మ మాత్రం నెలరోజులు మా గుమ్మం ముందు ఉమ్మేసి పోయేది. నేను నీళ్ళు పోసి కడిగేదాన్ని. ఆ ఉమ్మి కార్ఖానాలో పడాల్సింది.

అప్పటి నుంచి పగే నా పని అయింది. ఇంట్లో కూర్చుని ఎన్ని ఆలోచనలు చేశానో. ఆయన ఫోన్ నంబరును పెళ్ళిసంబంధాల వాళ్ళందరికీ ఇద్దామనుకున్నాను. ప్రతి స్కూలుకూ ఫోన్ చేసి, మా కంపెనీ వాడే బట్ట ఒక్క ఉతుకుకే ఎట్లా వెలిసిపోతుందో చెబుదామనుకున్నాను. అది అబద్ధం కూడా కాదు. ఏదీ చేయలేదు. చేసిందల్లా ఒకటే. ఆ డబ్బాలోని మాటలను ఒక అట్టముక్క మీద ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసి, బల్ల పైన గోడకు అంటించాను. దేవుడి పటానికి ఒక జానెడు కింద. రోజూ పొద్దున దేవుడికి దండం పెట్టుకుని, దాన్ని చదువుకుని, పనిలో కూర్చునేదాన్ని. మా అత్త అది ఏ స్తోత్రమని అడిగింది. శత్రునాశన స్తోత్రమని చెప్పాను.

ఫలించింది. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, వర్క్‌షాపు సైరన్ మోగిన కాసేపటికి, మా గేటు ముందు బండి ఆగింది. మేనేజరు. వెనక సీటు మీద నుంచి కూతురు దిగింది. కిటికీలోంచి వాళ్ళను చూడగానే నాకు సంగతి తెలిసిపోయింది. వార్డెన్ పరీక్ష హాల్‌టికెట్లు వచ్చాయని వారం నుంచీ పిల్లలకు తీసిస్తున్నది నేనే కదా. ఏమీ తెలియనట్టు మొహం పెట్టి తలుపు తీశాను. నిజం చెప్పాలంటే నా ఒళ్ళంతా పండగలా ఉంది.

“బాగున్నవా అమ్మా?” అన్నాడు.

చూశారా, మళ్ళీ ‘అమ్మా’. మేడమ్ ఎక్కడికి పోయింది?

ఆయన్ని బల్ల ఎదురుగా, గోడ మీది అట్టముక్క సరిగ్గా కంటికి ఆనేలా కూర్చోబెట్టాను. మంచినీళ్ళు ఇవ్వలేదు. మా ఇంట్లో శత్రువుకైనా ముందు మంచినీళ్ళు ఇస్తారు. మా అత్త లేవబోతే కూర్చోమని కళ్ళతోనే చెప్పాను. ఆమె మూల కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూస్తూ ఉంది.

పరీక్ష ఎల్లుండి. హాల్‌టికెట్ రావాలంటే లాగిన్ కావాలి. రిజిస్ట్రేషన్ నంబరు కాగితం ఉంది, పాస్‌వర్డ్ లేదు. మరిచిపోయామని నొక్కితే ఓటీపీ ఆర్డర్ల ఫోన్‌కు పోతుంది. నా తరువాత వచ్చిన మనిషి కొత్త నంబరు తీసుకుందట, పాతదాన్ని ఎవరూ రీఛార్జి చేయక చచ్చిపోయింది. మెయిల్‌కు పంపమంటే అది నా ఆఫీసు మెయిల్, దాన్ని ఆయనే మూయించాడు. సహాయ కేంద్రానికి ఫోన్ చేస్తే, నమోదైన మెయిల్ నుంచే రాయమన్నారు. తన చేత్తో తనే మూసిన తలుపులను ఒక్కొక్కటిగా ఆయన నాకు వర్ణించి చెబుతుంటే, ఆపి మళ్ళీ మొదటి నుంచి చెప్పమనాలనిపించింది. ఒకసారి అన్నాను కూడా. చెప్పాడు.

“నీ లాప్‌టాప్‌ల సేవ్ అయ్యుంటది గద అమ్మా” అన్నాడు.

“ఉండె సార్. చూపిస్త ఆగుండ్రి.” లాప్‌టాప్ తెరిచి, సేవ్ చేసిన పాస్‌వర్డుల జాబితా తీసి, ఆయన వైపు తిప్పాను. ఖాళీ. “మొత్తం పోయినయి. ఎట్ల వోయినయో గోడ మీద ఉన్నది, చదువుండ్రి.”

చదివాడు. పెదాలు కదిలిస్తూ, నెమ్మదిగా, చివరిదాకా. ఆ రోజు చదవని అక్షరాలన్నీ ఇప్పుడు చదివాడు. ఆ తరువాత తన చేతి వైపు చూసుకున్నాడు. అబద్ధం చెప్పను, అప్పుడు కలిగిన ఆనందం నా పెళ్ళిలో కూడా కలగలేదు.

“తప్పైంది” అన్నాడు.

“ఏం తప్పు సార్? కంపెనీ రూల్.”

అప్పటిదాకా తలుపు పక్కన నిలబడి ఉన్న ఆ పిల్ల ముందుకొచ్చింది. “అక్కా, ముందట పిల్లి పేరు వెట్టినం, నాకు యాదికున్నది. చివర అంకెలు నువ్వే కొట్టినవ్. పొద్దుగాల రెండుసార్లు నాకు తోచినయి కొట్టి చూసిన, కాలే. ఇంకొక్కసారి తప్పు కొడితే రెండు దినాలు బంద్ అయితది.” మెల్లగా అంది. “ఏం మర్చిపోయినా నీ దగ్గరికి రమ్మన్నవ్ గదక్కా.”

ఆ అంకెలు నా నాలుక మీదే ఉన్నాయి. ఆ బస్సు అరగంటకోసారి మా వీధి చివర నుంచి పోతుంది. ఆ క్షణంలో కూడా దాని హారన్ వినిపించే ఉంటుంది.

ఆ పిల్ల మొహం వైపు చూసి ఉంటే చెప్పేసేదాన్నేమో. చూడలేదు. ఉంగరం ఉన్న వేలునే చూశాను. పై క్వార్టర్ పిల్ల ఇంటర్వ్యూ పోయిన రోజు మెట్ల మీద కూర్చుని ఎట్లా ఏడ్చిందో గుర్తు తెచ్చుకున్నాను.

“ఎంతమందికి నింపిన బిడ్డా, ఎవరికేం వెట్టిననో ఎట్ల యాదుంటది?” అన్నాను.

వాళ్ళు లేచారు. గేటు దాకా వెళ్ళి ఆ పిల్ల వెనక్కి తిరిగి నాకు నమస్కారం పెట్టింది. బండి వెళ్ళిపోయింది.

మా అత్త చేటలోని చిక్కుడుకాయలు దులిపి, నా వైపు చూడకుండా అంది. “నీకు బస్సు నంబర్లు మర్చిపోయే రోగం ఎప్పటి సంది వచ్చింది?”

“నీ పని నువ్ జూస్కో అత్తమ్మా.”

ఆమె నిజంగానే తన పని చూసుకుంది. ఆ రోజు రాత్రి కూరలో ఉప్పు వేయడం మాత్రం మరిచిపోయిందో, కావాలనే వేయలేదో.

ఇప్పుడు నా మనసులో ఏముండిందో చెబుతాను, ఎవరైనా నమ్మితే నమ్మండి. ఇవ్వకూడదని నేను అనుకోలేదు. ఆయన మళ్ళీ వస్తాడని అనుకున్నాను. రేపు పొద్దున వస్తాడు, ఈసారి కుర్చీలో కూర్చోడు, నిలబడి అడుగుతాడు. కూతురి కోసం ఎవరైనా ఎన్నిసార్లయినా వస్తారు కదా. అప్పుడు, ‘ఆగండి సార్, ఏదో గుర్తొస్తోంది’ అని, కాసేపు ఆలోచించినట్టు నటించి, కొట్టి చూపిద్దామనుకున్నాను. మరునాడు పొద్దున్నే తలస్నానం చేసి, ఇస్త్రీ చీర కట్టుకుని, లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. పది గంటలు, పన్నెండు గంటలు. మధ్యాహ్నం అన్నం కూడా కిటికీ దగ్గరే తిన్నాను. గేటు ముందు ఏ బండి ఆగినా లేచి నిలబడ్డాను. గ్యాస్ సిలిండర్ వాడు వచ్చాడు, పాత పేపర్ల వాడు వచ్చాడు. సైరన్ మోగింది. ఆయన రాలేదు.

ఎందుకు రాలేదంటే నా మాట నమ్మాడు. ఆరు నెలల కింద నన్ను దొంగ అన్న మనిషి, నేను అబద్ధమాడిన రోజున నమ్మాడు. సాయంత్రం ఆరింటికి నేనే ఆఫీసుకు ఫోన్ చేయొచ్చు. ఫోన్ చేతిలోకి తీసుకున్నాను కూడా. నేనెందుకు చేయాలి, అవసరం ఆయనది కదా అనుకుని పక్కన పెట్టాను. తెల్లారితే పరీక్ష. పరీక్ష అయిపోయింది.

అత్త మీద కోపం దుత్త మీద తీర్చుకుందంటారు. మా అత్త మీద నాకు ఏనాడూ కోపం లేదు. దుత్త మాత్రం పగిలింది.

పశ్చాత్తాపం ఉందా అని అడిగితే, ఆయన విషయంలో లేదు. ఇప్పటికీ లేదు. పుష్యరాగం ఉంగరం ఎవరి వేలికి కనబడినా నాకు ఒళ్ళు మండుతుంది. ఆ అట్టముక్కను మాత్రం గోడ మీద నుంచి తీసేశాను. దాని కింద కూర్చుని పిల్లలకు దరఖాస్తులు నింపలేకపోయాను. ఇప్పుడు నేను ఎవరి పాస్‌వర్డూ సేవ్ చేయను. నోటుపుస్తకంలో వాళ్ళ చేతే రాయించి, ఇంటికి పంపిస్తాను.

మొన్న వేసవిలో రేతిఫైల్ బస్టాపులో నిలబడి ఉన్నాను. మందులు కొనుక్కుని ఇంటికి పోతున్నాను. ఎవరో చేయి పట్టుకుని “అక్కా” అన్నారు. ఆ పిల్లే. కొంచెం ఒళ్ళు చేసింది, మెడలో ఆఫీసు కార్డు వేలాడుతోంది. ఆ కార్డు రంగు నాకు తెలుసు.

“నాన్న ఆఫీసులనే చేస్తున్నక్కా. నీ సీట్లనే. నువ్ రాసిన సైజుల పట్టీలు ఇంకా డ్రాయర్ల ఉన్నయి, అవే చూస్కుంట చేస్తున్న” అంది సంబరంగా.

వార్డెన్ ఉద్యోగాల సంగతి అడిగాను, అడగకుండా ఉండలేక. మళ్ళీ నోటిఫికేషన్ పడలేదట. “పడ్డా నాన్న పంపడేమోలే. అప్పుడంటే ఎట్లనో ఒప్పుకున్నడు.” మళ్ళీ తనే అంది. “నాన్న ఇప్పటికి అంటడక్కా, నేనే నొక్కిన, నా చేతులతోని నేనే దాని బతుకు ఖరాబ్ జేసిన అని. ఆ ఉంగరం సుత తీసేసిండు. నువ్ ఏమనుకోకు ఆయన్ని. నీకు యాదికుంటే నువ్ చెప్పకపోదువా?”

నేను కోరుకున్నదంతా జరిగింది. ఆయనకు తగలాల్సిన చోటే తగిలింది. ఒక్కటే, అది ఆయన చేసింది కాదు, నేను చేసింది. ఒక్క మాట చెబితే ఆయన మీది బరువు దిగిపోతుంది. ఆయన బరువు దించే పని నాది కాదనుకున్నాను. ఆ పిల్ల ముందు నోరు పెగల్లేదన్నది అసలు నిజం.

“చెప్పేదాన్ని” అన్నాను.

“ఒకటి అడగాల్నక్కా. మొన్న సోమవారం నాకు ఆఫీస్ అకౌంట్ ఇచ్చిండ్రు. నా లాప్‌టాప్ల సైన్ ఇన్ చేస్తుంటే పాతయన్ని కలపాల్నా, వేరే వెట్టాల్నా అని అడుగుతున్నది. ఏం కొట్టాలె?”

“వేరే వెట్టు. నీయి నీ తాననే ఉండాలె. మీ నాన్న కలపమన్నా కలపకు.”

“మరి పాస్‌వర్డ్ సేవ్ చేయాల్నా అంటే?”

“వద్దని కొట్టు. యాదికి పెట్టుకో.”

“మర్చిపోతే?”

“మర్చిపోతే నా దగ్గరికి మాత్రం రాకు” అన్నాను.

హాస్యమాడానని అనుకుంది. నా భుజం మీద చరిచి పకపకా నవ్వింది. ఈ పిల్లకు నవ్వడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది. ఇంతలో స్టేషన్ వైపు నుంచి మా బస్సు మలుపు తిరిగి వస్తోంది. నాకు దూరం సరిగ్గా కనబడదని ఆమెకు ఎట్లా తెలిసిందో, కళ్ళు చికిలించి, బస్సు నుదుటి మీదున్న అంకెలను నాకోసం ఒక్కొక్కటే పైకి చదివింది.

“నీదేనా అక్కా?” అంది.

నాదేనని చెప్పి ఎక్కాను. లాలాగూడ దాకా ఆ నంబరు కిందే కూర్చుని వచ్చాను.